మామయ్య కావడి వద్దన్న రోజు

మొన్న గురువారం, సాయంత్రం, కోంట బస్టాండు దగ్గర. ఉన్నవాళ్ళం: నేను, మా తమ్ముడు, మరదలు. ఎమ్మెల్యేగారి జీపులు బారుగా పోతుంటే పక్కకు తప్పుకున్నాం. మీ మామయ్య కూడా ఇట్లాగే తిరిగేవాడా అని మరదలు అడిగింది. తమ్ముడు నవ్వాడు, నాకు నవ్వు రాలేదు.

మా మేనమామ బస్తర్ రాజ్యంలో పుట్టిన రైతుబిడ్డ. ఆ రోజుల్లో సర్కారు ఉద్యోగి ఊళ్ళ మీదికి వస్తే ఆయన పెట్టెలూ పరుపులూ తర్వాతి ఊరిదాకా కూలి లేకుండా మోయడం జనం వంతు. దాన్ని బేగారి అనేవారు. తాతయ్య నడుము పడిపోయాక ఆ వంతు మామయ్య మీద పడింది. హిందీ, హల్బీ, దోర్లీ ఆయన బడిలో నేర్చినవి కావు, కావడి కింద నడుస్తూ ముందున్నవాళ్ళ మాటలు విని పట్టుకున్నవి. రాజ్యం పోయి ఓట్లు వచ్చాక, ఎవరి గోడునైనా వాళ్ళ భాషలోనే విని చెప్పగలడని మావాళ్ళే ఆయన్ను ఎమ్మెల్యేగా నిలబెట్టి గెలిపించారు. బడులకోసం, బావులకోసం ఆయన తిరిగిన తిరుగుడు మా వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది.

అప్పుడు నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన బడిపంతులిని. సెలవుల్లో అర్జీలు రాయడానికి ఆయన వెంట వెళ్ళేవాణ్ణి. కిష్టారం అవతల దోర్ల గిరిజనుల ఊరొకటి ఉంది. మీ వాగొడ్డు చేలు అడవి హద్దులోవి, వదిలిపెట్టండని ఒక ఫారెస్టు గార్డు ఆ ఊరివాళ్ళను బెదిరిస్తున్నాడని విని బయలుదేరాం. ఆ చేలు పోతే వాళ్ళకు తిండిగింజ లేదు. వాళ్ళు నోరు విప్పి చెప్పి అర్జీ మీద వేలిముద్రలు వేస్తే చాలు, సభలో నిలదీస్తానని మామయ్య దారంతా అంటూనే ఉన్నాడు.

పొలిమేరలో నలుగురు మగవాళ్ళు కావళ్ళతో మాకోసం నిలబడి ఉన్నారు. మామయ్య ముఖం నల్లబడింది. తన ట్రంకుపెట్టె తానే నెత్తిన పెట్టుకుని ఊళ్ళోకి నడిచాడు. ఊరిపెద్ద కంగారుగా వెంటపడ్డాడు.

"ఏంది దొరా, మాతోని తప్పయిందా?"

"తప్పు గాదు పెద్దయ్యా. నేను దొరను గాను. నీలెక్కనే బేగారి మోసినోణ్ణి. భుజం జూడు."

కాయకాసిన ఆ భుజాన్ని ముసలాయన వేళ్ళతో తడిమి చూశాడు.

"అట్లనా బిడ్డా. మరి నీ మాట ఎవలింటరు?"

దొర కాస్తా బిడ్డ అయ్యాడు. ఆ సాయంత్రం మామయ్యకు ఎంతో ఆప్యాయంగా జావ పోశారు, ఆయన భుజం నొప్పికి ఆకుపసరు కూడా రాశారు. చేల సంగతి మాత్రం ఆయన ఎన్ని విధాల అడిగినా, అంతా మంచిగనే ఉన్నదన్న జవాబే వచ్చింది. నా ఒళ్ళో అర్జీ కాగితం తెల్లగానే ఉండిపోయింది.

ఇప్పుడు బేగారి లేదు, దాని పేరు కూడా పిల్లలకు తెలియదు. అయినా తమలాంటివాడి మాటకు బలం ఉంటుందని నమ్మే ధైర్యం జనానికి ఇన్నేళ్ళలో ఎంత వచ్చిందో నేను చెప్పలేను.

ఆ జావ తాగిన మర్నాడు ఉదయం మేము లేచేసరికి ఊళ్ళో మగవాళ్ళు లేరు. పొద్దెక్కాక తిరిగి వచ్చారు, బొటనవేళ్ళకు నల్లసిరాతో. చేలు వదులుకుంటామని గార్డు దగ్గర ముద్రలు వేశామనీ, ఈ ఒక్క పంటా కోసుకోనిస్తానన్నాడనీ ఊరిపెద్ద చెప్పాడు. చెప్పి, మామయ్య చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వొచ్చిన సంగతి ఆనికి జెప్పలే బిడ్డా. నీకేం బయం లేదు."