సోమవారం దాకా

ఆర్థిక శాఖ ఆఫీసులో ఆ అటెండరుని అందరూ ఎక్స్‌ప్రెస్సక్క అనేవారు. ఫైలు చేతికిస్తే చాలు, మూడంతస్తులూ ఎక్కి దిగి సంతకాలన్నీ తెచ్చేసి, చెమటైనా తుడుచుకోకుండా ఇంకో ఫైలుకి చెయ్యి చాపేది. ఏ ఫైలునూ ఏనాడూ విప్పి చూడలేదు. "మోసేవాళ్ళకి మూటలో ఏముందో ఎందుకు?" అని నవ్వేది.

వచ్చే సోమవారానికి ఆమె ఉద్యోగానికి ఇరవై ఏళ్ళు నిండుతాయి. నిండితేనే పెన్షను. సిమెంటు దుమ్ము పీల్చి పీల్చి మంచాన పడ్డ మొగుడికి ఆ పెన్షనే మందూ మాకూ.

శుక్రవారం పొద్దున్నే సూపరింటెండెంటు ఒక ఎర్ర ఫైలిచ్చాడు. పైన 'పొదుపు చర్యలు' అని ఉంది. అడ్డగోలుగా అప్పులిచ్చి మునిగిన మూడు పెద్ద బ్యాంకుల్ని సర్కారు సొమ్ముతో గట్టెక్కించి నెలైనా కాలేదు. ఇక కాగితాలూ పెన్సిళ్ళూ తగ్గిస్తారు కాబోలు అనుకుందామె.

పదకొండుకల్లా ఎనిమిది సంతకాలయ్యాయి. తొమ్మిదోది గుమాస్తాది. ఏ పనైనా వాయిదా వేస్తాడని అతనికి 'ఎల్లుండి' అని పేరు. ఫైలు చదివి, మూసి, పాత ఫైళ్ళ కిందికి తోసేశాడు.

"తలనొప్పిగా ఉందక్కా. సోమవారం దాకా ఉండనీ."

"నీ తలనొప్పికి షష్టిపూర్తి కూడా చెయ్యొచ్చు! పెట్టు సంతకం. నీ పుణ్యాన నన్ను గూడ్సు బండంటారు."

గది గొల్లుమంది. గుమ్మంలో నిలబడ్డ సూపరింటెండెంటు కూడా నవ్వాడు. "పెట్టవయ్యా, ఆవిడ వదిలే రకం కాదు."

'ఎల్లుండి' ఆమె మొహంలోకి ఒక్కసారి చూసి, తల దించుకుని సంతకం పెట్టాడు.

మధ్యాహ్నం మూడింటికి పంచమని పదిహేను కవర్లిచ్చారు. పైదాని మీద ఆమె పేరే. ఇరవై ఏళ్ళు నిండని కిందిస్థాయి ఉద్యోగులందరినీ ఈ రోజు నుంచే తొలగించారు.

ఆమె తిన్నగా ఎల్లుండి దగ్గరికి వెళ్ళింది. "తెలిసి కూడా ఒక్క మాట చెప్పలేకపోయావా తమ్ముడూ?"

"చెప్పాను కదక్కా, సోమవారం దాకా ఉండనిమ్మని. ఆయన అక్కడే నిలబడి ఉంటే ఇంకేం చెప్పను?" అతను గొంతు తగ్గించాడు. "తిన్నది బ్యాంకులోళ్ళు. కక్కమంటున్నది మనల్ని."

సూపరింటెండెంటు రిజిస్టరు ముందుకు జరిపాడు. "కవరు అందినట్టు సంతకం పెట్టమ్మా."

"సోమవారం పెడతానండి."

"ఎప్పుడు పెట్టినా ఒకటే. పన్నెండింటికే పెద్దాయన సంతకమైపోయింది." ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. "మామూలుగా అయితే వారం పట్టేది. నీ చలవే."

ఆమె సంతకం పెట్టింది. మిగిలిన పద్నాలుగు కవర్లూ పట్టుకుని, ఇరవై ఏళ్ళలో మొదటిసారి, మెట్టుమెట్టుకీ ఆగుతూ దిగింది.