వెయిటింగ్ లిస్టులో నిదానమ్మ

ఆవిడ అసలు పేరు డ్రైవింగ్ స్కూలు బోర్డు మీద ఉండేది. ఎండకు ఆ అక్షరాలు వెలిసిపోయాక మళ్లీ రాయించాలని ఎవరికీ తోచలేదు, ఆవిడకు కూడా. కారు నేర్చుకోవడానికి వచ్చినవాళ్లతో ఆవిడ చెప్పే మొదటి మాట "నిదానం." రెండో మాట "నిదానం, నిదానం." మూడోది కాస్త గొంతు పెంచి, "నిదానమన్నానా!" అలా నిదానమ్మ అయి కూర్చుంది.

పెళ్లైన కొత్తలో పిల్లల బడి వ్యాను తోలేది. ఆ తర్వాత సొంతంగా ఓ చిన్న కారు కొని, పక్క సీటు దగ్గర రెండో బ్రేకు, రెండో క్లచ్చి బిగించి, నేర్పడం మొదలుపెట్టింది. ఊళ్లో సగంమంది ఆవిడ కుడికాలి దయవల్ల బతికి బట్టకట్టినవాళ్లే. ఎవరు గోడ మీదికి పోనిచ్చినా, ఎవరు ఎదుటి లారీని చూసి కళ్లు మూసుకున్నా ఆవిడ ముఖంలో రంగు మారేది కాదు. కాలు మాత్రం కదిలేది.

అయితే ఆ నిదానమంతా కారులోనే. కూతురి విషయానికొస్తే కాలు గాలిన పిల్లి.

కూతుర్ని ఇంట్లో పిచ్చుక అనేవారు. పుట్టినప్పుడు అంత పిసరు ఉండేది మరి. చదువులో మాత్రం గట్టిపిండం. ఊరికి బస్సులో మూడు గంటల దూరంలో కొండ మీద ఒక పెద్ద కాలేజీ ఉంది. ఆ కాలేజీవాళ్లు ఏటా పరీక్ష పెట్టి, ఇంటర్వ్యూ చేసి, చుట్టుపక్కల ఊళ్లన్నిటిలోంచి ఇద్దరంటే ఇద్దరిని ఏరుకుని ఫీజు, హాస్టలు, పుస్తకాలు అన్నీ తామే భరిస్తారు. ఆ స్కాలర్‌షిప్పు లేకుండా అక్కడ చదవడం వీళ్ల తాహతుకు మించిన పని. పిచ్చుక పరీక్ష బాగా రాసింది. ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన నవ్వాడట. అంతే, నిదానమ్మ నోట్లో నువ్వుగింజ నానలేదు. స్టీరింగ్ పట్టుకున్న ప్రతివాళ్లకీ చెప్పేసింది. "అద్దం చూసుకోండి, ఇండికేటర్ వెయ్యండి, మా అమ్మాయికి కొండ మీద సీటు వస్తోంది, ఇప్పుడు తిప్పండి."

"ఆలు లేదు, చూలు లేదు" అని భర్త ఒకసారి గొణిగాడు. ఆయన కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీస్తాడు. రోజంతా మిషను రొదలో ఉంటాడు కాబట్టి ఇంట్లో చప్పుడు చెయ్యడు. సామెతలో సగం చెప్పి మిగతా సగం దాచుకునే రకం.

ఫలితాలు వచ్చిన రోజు నిదానమ్మ ఆసుపత్రి నర్సమ్మకు రౌండ్‌అబౌట్ తిరగడం నేర్పుతోంది. ఫోను మోగింది.

"అమ్మా, నాది మూడోది" అంది పిచ్చుక.

"మూడోదంటే వచ్చినట్టేగా!"

"ఇద్దరికే ఇస్తారమ్మా. నేను వెయిటింగ్ లిస్టులో మొదటిదాన్ని."

"మొదటిదానివా!" నిదానమ్మ చెవికి ఆ ఒక్క మాటే ఎక్కింది. తక్కిన మాటలు ఒక్కొక్కటే లోపలికి దిగేసరికి నర్సమ్మ రౌండ్‌అబౌట్ చుట్టూ ఆగకుండా తిరుగుతూనే ఉంది. ఎక్కడ బయటికి రావాలో చెప్పేవాళ్లు లేక పాపం.

ఇంటికి వచ్చేసరికి గుమ్మంలో బేకరీ ఆయన నిలబడి ఉన్నాడు, చేతిలో పెద్ద డబ్బాతో. ఆయనా ఒకప్పటి శిష్యుడే. నిదానమ్మ ముందురోజే కేకు చెప్పి వచ్చింది. దాని మీద గులాబీ రంగులో "అభినందనలు" అని ఉంది. విషయం ఆయనకూ తెలిసినట్టుంది, డబ్బా ఇవ్వాలో దాచాలో తెలియక దాన్ని పసిపిల్లలా గుండెకు ఆనించుకున్నాడు.

"వెనక్కి తీసుకెళ్లమంటారా అమ్మా?"

"ఎందుకు, కేకు ఏం తప్పు చేసింది?" అన్నాడు భర్త లోపలినుంచి. ఆ వారంలో ఆయన పూర్తిగా చెప్పిన వాక్యం అదొక్కటే.

ముగ్గురూ బల్ల దగ్గర కూర్చున్నారు. ఆయన అక్షరాల వైపునుంచే కోశాడు, అవి ముందు మాయమైతే బాగుంటుందని. నిదానమ్మ ఒక ముక్క నోట్లో పెట్టుకుని భోరుమంది. ఆ ఇంటర్వ్యూవాళ్లకు కళ్లు లేవంది. ఆ నవ్విన ముసలాయన అసలు ఎందుకు నవ్వినట్టని నిలదీసింది. ముక్కు చీదింది. మళ్లీ మొదలుపెట్టింది.

పిచ్చుక చాలాసేపు చూసి చూసి, "అమ్మా" అంది. "నాక్కూడా ఏడుపొస్తోంది. కానీ నువ్వు ఆపకపోతే నా వంతు రావట్లేదు."

నిదానమ్మ టక్కున నోరు మూసుకుంది. పిచ్చుక తల బల్ల మీద ఆనించి, వెక్కి వెక్కి ఏడ్చింది. రెండేళ్లపాటు తెల్లవారకముందే లేచి చదివిన పిల్ల. తల్లి కూతురి వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది, నోట్లో కేకు నమలకుండా. ఏడుపు అయ్యాక పిల్ల లేచి ముఖం కడుక్కుని, "ఆ గులాబీ రంగు ముక్క నాది" అని ప్లేటు లాక్కుంది.

తర్వాతి రోజులు నిదానమ్మకు నిజంగా కష్టకాలం. ఆవిడే ఊరంతా టాంటాం వేసింది కదా, ఇప్పుడు ఊరంతా ఓదార్చడానికి వచ్చింది. ఎక్కినవాళ్లంతా బెల్టు పెట్టుకోకముందే నిట్టూర్చడం మొదలుపెట్టారు. "పోనీలెండి, ఏది జరిగినా మన మంచికే" అని ఒకరు. "ముందే పైవాళ్లచేత చెప్పించాల్సింది" అని ఇంకొకరు. అందరికీ ఆవిడ ఒకటే జవాబు: "ముందు చూసి నడపండి." మనసులో మాత్రం ఒక ఆశ పురుగులా తొలుస్తూనే ఉంది. ఆ ఇద్దరిలో ఎవరైనా రానంటే? జలుబు చేస్తే? ఇంకెక్కడో చేరితే? అడ్మిషన్ల గడువు ఇంకా ఉంది. వెయిటింగ్ లిస్టులో ఉన్నది పిచ్చుక పేరే అయినా, కాచుకుని కూర్చున్నది తల్లి.

అట్లాంటప్పుడు వచ్చాడు దర్జీ.

పక్క ఊళ్లో బడి యూనిఫారాలు కుట్టే మనిషి, మెడలో టేపు తీయడం మర్చిపోయి వచ్చాడు. బావమరిది తన కారు అవసరమైనప్పుడల్లా ఇస్తానన్నాడట. తొందరగా నేర్పమన్నాడు. నేర్పడం మొదలుపెట్టాక తెలిసింది అసలు సంగతి. కాళ్లకు కుట్టుమిషను అలవాటు. క్లచ్చి కనపడగానే పాదం దానంతటదే ఆడేది, టకటక టకటక. కారు కప్పలా గెంతేది.

"అది మిషను కాదండీ, తొక్కి అలా ఉంచాలి!"

"తెలుసమ్మా. నా కాలికే తెలియట్లేదు."

కానీ చేతులు మాత్రం అద్భుతం. మలుపులో స్టీరింగ్ తిప్పుతుంటే చొక్కా కాలరు తిప్పినంత ఒద్దికగా తిప్పేవాడు. నిదానమ్మకు ఆయన మీద ఇష్టం కలిగింది. రెండో వారంలో మాటల మధ్య అడిగింది, "ఇంత తొందరేం వచ్చిందండీ?"

"మా అమ్మాయికి కొండ మీద కాలేజీలో స్కాలర్‌షిప్పు వచ్చిందమ్మా. సామానుతో నేనే దింపి రావాలని."

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. నిదానమ్మ కాలు తనకు తెలియకుండానే బ్రేకు నొక్కింది. కారు నడిరోడ్డున ఆగింది.

"నేనేం తప్పు చేశానమ్మా?" అన్నాడు దర్జీ, పాపం.

"ఏం లేదు. కుక్క అనుకున్నాను. పోనివ్వండి."

ఆరోజు మూడుసార్లు అనవసరంగా గసిరింది. మర్నాడు ఇంకా ఎక్కువ గసిరేదే, కానీ ఆయన ఖాళీ మైదానం పక్కన కారు ఆపి, స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని అడిగాడు.

"అమ్మా, మీరు లోకం చూసినవాళ్లు. మా ఆవిడ పోయాక ఆ పిల్లే నాకు తోడు. ఇప్పుడు అంత దూరం పంపాలంటే మనసు ఒప్పట్లేదు. వద్దంటే నా మాట కాదనదు. ఇక్కడే ఏదో ఒకటి చదువుకుంటుంది. పంపనా, మాననా? మీరేమంటే అది."

నిదానమ్మ స్టీరింగ్ మీద ఉన్న ఆయన చేతులకేసి చూసింది. ఒక్క మాట చాలు. "దగ్గరుంటేనే మంచిదండీ" అంటే చాలు. అబద్ధం కూడా కాదు, ఊళ్లో సగం మంది అనే మాటే. పిచ్చుక పేరు పైకి జరుగుతుంది. ఎవరికీ తెలియదు.

"రేపు చెప్తాను" అంది. "ఇప్పుడు రివర్సు చూద్దాం."

ఇంటికి వెళ్లి, కూతురు బట్టలు మడతపెడుతుంటే పక్కన కూర్చుని, వేరే ఎవరి సంగతో చెప్పినట్టు చెప్పబోయింది. రెండో వాక్యానికే మొత్తం బయటపడింది.

పిచ్చుక చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది. "నువ్వు ఏమన్నావు?"

"ఏమీ అనలేదు. రేపు చెప్తానన్నాను."

"రేపు చెప్తానన్నావా! అంటే ఆలోచిస్తున్నావన్నమాట!"

"తల్లినే పిల్లా. ఆలోచించనా?"

పిచ్చుకకు కోపం వచ్చింది, తర్వాత ఎందుకో నవ్వొచ్చింది, ఆ రెండూ కలిసి ముఖం ఎర్రబడింది. "ఆ అమ్మాయిని ఇంటర్వ్యూ రోజు చూశానమ్మా. నా వెనకే కూర్చుంది. భయంతో నా వాటర్ బాటిల్ మొత్తం తాగేసింది. అలా వచ్చిన సీట్లో నేను కూర్చుంటే నాకు పాఠం ఎక్కుతుందా?" అని చొక్కా మడత పూర్తిచేసి, మెల్లగా అంది. "నాకు ఆ కాలేజీ కావాలమ్మా. ఇప్పటికీ కావాలి. అయినా ఇలా వద్దు. నువ్వు ఇంక ఎదురుచూడ్డం మానెయ్యి. నువ్వు మానేస్తే నేనూ మానేస్తాను."

నిదానమ్మ మడతపెట్టిన బట్టలే మళ్లీ విప్పి మడతపెట్టింది.

మర్నాడు దర్జీ ఎక్కీ ఎక్కగానే చెప్పేసింది, ఆలస్యం చేస్తే మనసు మారుతుందని భయపడ్డట్టు. "పంపండి. కళ్లు మూసుకుని పంపండి. వారానికోసారి మీరే వెళ్లి చూసి రండి, అందుకేగా ఈ తిప్పలు."

"మీకూ అమ్మాయి ఉందట కదమ్మా. మీరైతే పంపేవారా?"

"పెట్టె కూడా సర్దాను. మా అమ్మాయిది మూడో స్థానం. మీ అమ్మాయి రాకపోతే ఆ సీటు మా పిల్లదే."

ఈసారి బ్రేకు వేసింది దర్జీ. వెనకాల బస్సువాడు హారను మీద చెయ్యి పెట్టి తీయలేదు. దర్జీ ఆవిడ ముఖంకేసి చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నిన్న ఒక్కమాట అంటే అయిపోయేది కదమ్మా..."

"అనబోయాను" అంది నిదానమ్మ నిజాయితీగా. "ఇప్పుడు ముందు బండి తీయండి, ఆ బస్సాయన దిగి వచ్చి మనిద్దర్నీ తంతాడు."

దర్జీ కంగారులో పాదాన్ని మర్చిపోయాడు. క్లచ్చి వెన్నలా వదిలాడు. కారు గెంతకుండా కదిలింది. ఆయన నేర్చుకోవడం మొదలుపెట్టాక అదే మొదటిసారి.

లైసెన్సు పరీక్ష రోజు దర్జీ రివర్సులో ఒక స్తంభాన్ని ముద్దుపెట్టుకోబోయి తప్పించుకుని పాసయ్యాడు. కూతుర్ని దింపడానికి వెళ్తూ, కొండ మలుపులంటే భయం, పక్కన కూర్చోండమ్మా అని బతిమాలితే నిదానమ్మ వెళ్లింది. పిచ్చుక కూడా వస్తానంది. వెనక సీట్లో ఇద్దరు పిల్లలూ, మధ్యలో పరుపు చుట్ట. దారిపొడుగునా వాళ్లకు దానికీ దీనికీ నవ్వే. కాలేజీ గేటు దగ్గర మాత్రం పిచ్చుక నవ్వు ఆగింది. పెద్ద లైబ్రరీ కిటికీలకేసి చాలాసేపు చూసింది. నిదానమ్మ చూడనట్టు పరుపు చుట్ట దించింది. కూతురు తర్వాత తనంతట తనే వచ్చి రెండో కొస పట్టుకుంది.

పిచ్చుక ఊళ్లోని కాలేజీలోనే చేరింది. అక్కడ లైబ్రరీ అంటే ఒక గది, ఆ గదికి తాళం, ఆ తాళంచెవి ఎప్పుడూ వేరేవాళ్ల జేబులో. పిల్ల పోట్లాడి ఆ తాళంచెవి తన చేతికి తెచ్చుకుంది. లెక్కలు చెప్పే మేష్టారు ఒకాయన, కొత్తగా వచ్చాడు, ఈ పిల్ల ప్రశ్నలకు ముందు జడిసి, తర్వాత సాయంత్రాలు ఉండి చెప్పడం మొదలుపెట్టాడు. కొండ మీద చదువు దొరికితే ఇంకా బాగుండేదా అంటే, ఉండేదేమో. ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ కాదనరు. అప్పుడప్పుడు పిచ్చుకే అంటుంది, "అక్కడైతే ఈపాటికి..." అని. తండ్రి తల ఊపుతాడు. తల్లి "నిజమే" అని ఊరుకోవడం నేర్చుకుంది.

దర్జీ నెలకోసారి కూతుర్ని చూడడానికి వెళ్తూ, ఇంటి ముందు ఆగి హారను కొడతాడు. పిచ్చుకకు తీరికుంటే ఎక్కుతుంది.

ఒకసారి అలా ఎక్కబోతూ వెనక్కి తిరిగి, "అమ్మా, నాకు కారు నేర్పు. ఎన్నాళ్లని ఒకరు తోలితే కూర్చోను?" అంది.

ఆ ఆదివారమే మొదలుపెట్టారు. ఇన్నేళ్ల ఉద్యోగంలో అంత మొండి శిష్యురాలు నిదానమ్మకు తగల్లేదు. నిదానమంటే గేరు మారుస్తుంది, కుడి అంటే ఎందుకు కుడి అంటుంది. వీధి చివర చెత్తడబ్బాకు డాషిచ్చాక ఇద్దరూ దిగి, అటో చెయ్యి ఇటో చెయ్యి వేసి దాన్ని నిలబెడుతూ ఒకరినొకరు తిట్టుకున్నారు. గుమ్మంలో నిలబడి చూస్తున్న కళ్లజోళ్లాయన చేతిలో టీ కప్పు ఒలికిపోయేదాకా నవ్వాడు.