ఎలా లేచారని అడిగే పిల్ల

గంట కొట్టడం నా ఉద్యోగం. చెప్పుకోవడానికి పెద్ద గొప్పగా ఉండదు కానీ, హోబార్ట్‌లో మా వైద్య కళాశాల పరీక్షల రోజున ప్రొఫెసర్లు కూడా నా గంటకే లేవాలి, నా గంటకే కూర్చోవాలి. వసారా పొడుగునా గదులుంటాయి. ఒక్కో గదిలో మంచం మీద ఒక రోగి, మూల కుర్చీలో మార్కులు వేసే డాక్టరు. నేను గంట కొడితే విద్యార్థి లోపలికి వెళ్ళాలి, రోగిని పరీక్షించి జబ్బేమిటో చెప్పాలి. ఎనిమిది నిమిషాలయ్యాక మళ్ళీ కొడితే నోట్లో మాట నోట్లోనే వదిలేసి పక్క గదికి పోవాలి. ఆ రోగులు నిజంగా రోగులే. జబ్బుతోపాటు ఓపిక కూడా ఉండి, పిల్లలు నేర్చుకుంటారు కదా అని వచ్చేవాళ్ళు. వాళ్ళను వెతికి తీసుకొచ్చేదీ, టీ ఇచ్చేదీ, సాయంత్రం ఇంటికి పంపేదీ నేనే.

మా ఇంటి వెనక గది విద్యార్థులకు అద్దెకిస్తాను. పరాయి దేశాల పిల్లలే వస్తారు, ఎందుకంటే ఆ గది ఎంత చల్లగా ఉంటుందో ఈ ఊరివాళ్ళకు చూడగానే తెలిసిపోతుంది. గొరాటా అలాగే వచ్చింది. బోట్స్వానా పిల్ల, ఊరు మహలాపే. వాళ్ళ ప్రభుత్వం ఖర్చు పెట్టుకుని డాక్టరు చదువుకు పంపింది. వాళ్ళమ్మ తినడానికని మూటకట్టి ఇచ్చిన ఎండు గొంగళిపురుగులను విమానాశ్రయంలో అధికారులు చేతి తొడుగులు వేసుకుని మరీ లాక్కున్నారట. నాతో చెప్పిన మొదటి కబురు అదే. నవ్వుతూనే చెప్పింది కానీ, రెండు రోజులు సరిగ్గా తినలేదు.

మర్నాడు పొద్దున వంటింట్లోకి వచ్చి, "ఎలా లేచారమ్మా?" అంది.

"కాళ్ళతో" అన్నాను. టీ కడుపులో పడేదాకా నాకు మనుషులు గిట్టరు.

ఆ పిల్ల నవ్వలేదు, కోపగించుకోనూ లేదు. జవాబు కోసం అలాగే నిలబడింది. వాళ్ళ దేశంలో పొద్దున పలకరింపు అదట. ఎలా లేచారని అడగాలి. అవతలివాళ్ళు చెప్పేది వినాలి. వాళ్ళు తిరిగి అడిగితే తనూ చెప్పాలి. అది కాకుండా ఉప్పు అడిగినా, దారి అడిగినా ఎదుటివాణ్ణి మనిషిగా చూడనట్టేనట. ఇక పేరు పెట్టి పిలవమని ఎంత చెప్పినా వినలేదు. ఈ దేశంలో డీన్‌ని కూడా పేరు పెట్టే పిలుస్తాం. నన్ను లోర్నా అనడానికి మాత్రం ఆ పిల్లకు నోరు రాలేదు. చివరిదాకా అమ్మా అనే అంది.

వారమంతా చదువు, శనివారాలు వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళకు స్నానాలు చేయించే పని. ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో గొర్రెమాంసం వేపుడు, దానికి మెర్విన్ టాప్లిన్ వస్తాడు. మెర్విన్ మా రోగుల్లో పాత కాపు. వయసులో ఉన్నప్పుడు ఊరూరా తిరిగి గొర్రెల ఉన్ని కత్తిరించేవాడు. గుండెలో ఒక కవాటం బిరుసెక్కి, రక్తం ఇరుకు సందులోంచి దూరినట్టు పోతుంది. స్టెతస్కోప్ పెడితే హుష్షుమని పెద్ద చప్పుడు. మొదటిసారి విన్న పిల్లల మొహాలు వెలిగిపోతాయి. ఆ మొహాలు చూడటానికే మెర్విన్ బతుకుతున్నాడని నాకనిపించేది. భార్య ఐలీన్ పోయిన దగ్గర్నుంచీ ఒక్క పరీక్ష తప్పలేదు. బూట్లు మెరిపించుకుని, టై కట్టుకుని వస్తాడు, చొక్కా విప్పబోయేవాడికి టై ఎందుకని నేను ఏటా అడుగుతాను.

"మీకు పశువులున్నాయటగా. ఎన్నేమిటి?" అని అడిగాడు గొరాటాను మొదటి ఆదివారమే.

"మీ బ్యాంకులో ఎంతుందో ముందు చెప్పండి తాతా."

"పది అనో ఇరవై అనో అంటావనుకున్నాను గానీ, ఇదేం మాట?"

"మా వైపు ఎన్ని పశువులని అడగడం, మీ వైపు బ్యాంకులో ఎంతని అడగడం ఒకటే. అయినా గొర్రెల మనిషికి పశువుల లెక్కలెందుకు?"

"లోర్నా, ఈ పిల్లకు ఇంకో ముక్క వెయ్యి. నోరు ఖాళీగా ఉంటే ప్రమాదం" అన్నాడు మెర్విన్. ఆ రోజు నుంచి వాళ్ళిద్దరూ ఒక జట్టు.

గొరాటా రెండో ఏట ఉండగా మహమ్మారి వచ్చి సరిహద్దులు మూసేశారు. వెళ్తే మళ్ళీ రానివ్వరు. సరిగ్గా అప్పుడే వాళ్ళమ్మ పోయింది. అంత్యక్రియలు మా వంటింటి బల్ల మీద, ఫోన్‌ను చక్కెర డబ్బాకు ఆనించి చూసింది. శవపేటికను దించే సమయానికి బొమ్మ ఆగిపోయింది. ఆగిన బొమ్మనే చాలాసేపు చూస్తూ కూర్చుంది. నాకు ఏం చెయ్యాలో తెలియక అంట్లు కడిగాను. కడిగినవే మళ్ళీ కడిగాను.

వాళ్ళలో సమాధి మీద రాయి వెంటనే నిలబెట్టరు. కొన్నాళ్ళాగి, బంధువులందరినీ పిలిచి, తెల్లవారుజామున రాయి మీది గుడ్డ తొలగిస్తారు. ఆ గుడ్డ పోయినవాళ్ళ పిల్లలే పట్టుకుని లాగాలి. గొరాటా రావాలని వాళ్ళన్న ఆ కార్యాన్ని ఏటికేడు వాయిదా వేస్తూ వచ్చాడు. చివరికి నాలుగో ఏడాది డిసెంబరుకు ముహూర్తం ఖాయం చేశాడు. ఎద్దును కొన్నారు, చుట్టాలకు కబురు వెళ్ళింది, గొరాటా టికెట్ కొంది. ఒకటే చిక్కు. నవంబరులో నా గదుల పరీక్ష ఉంది. ఏ గది మార్కు లేకపోయినా మళ్ళీ పరీక్షకు కూర్చోవాలి, అది సరిగ్గా శనివారం ఆ కార్యం అయ్యాక వచ్చే సోమవారం. పాసైతే అమ్మ రాయి దగ్గర ఉంటుంది. లేకపోతే లేదు.

నాకు భయం ఎందుకంటే జులైలో జరిగిన నమూనా పరీక్షలో ఆ పిల్ల తప్పింది. చదువు రాక కాదు, పలకరింపుల్లో టైమైపోయి. డాక్టర్ హాస్కెల్ మార్కుల కాగితం మీద, సమయం వృథా చేస్తోంది అని రాశాడు. నాకు ఒళ్ళు మండింది, ఆయన మీద కాదు, ఈ పిల్ల మీద.

"చేతులు కడుక్కో, పేరు చెప్పు, గుండె మీద చెయ్యి వెయ్యి. ఎలా లేచారు, ఎలా పడుకున్నారు అని మొదలుపెట్టావో, నేనే వచ్చి చెవి మెలేస్తాను" అన్నాను.

"అలాగేనమ్మా" అంది. ఆ అలాగే ఎలాంటిదో నాకప్పుడే అనుమానం వచ్చింది.

పరీక్ష రోజు మెర్విన్ వసారాలో నడుస్తూ రెండుచోట్ల ఆగాడు. నుదుటి మీద కమిలిన దెబ్బ. అడిగితే, "కట్టెల కొట్టంలో తలుపు తగిలింది, నువ్వు నీ గంట చూసుకో" అన్నాడు. చూసుకున్నాను. మధ్యాహ్నం గొరాటా వంతు అతని గదికి వచ్చింది. నేను ఎక్కడైనా నిలబడొచ్చు, కానీ నా కాళ్ళు ఆ గది ముందే ఆగాయి. ఆ తలుపు పూర్తిగా పడదు.

"ఎలా లేచారు తాతా?"

అయిపోయింది, అనుకుని పళ్ళు నూరుకున్నాను.

"లేవడానికి, పడుకుంటే కదా" అని నవ్వాడు మెర్విన్. "సరేలే, మొదలుపెట్టు. గడియారం తిరుగుతోంది."

"రాత్రి ఎక్కడ నిద్రపోయారు?"

"కుర్చీలో. పొయ్యి పక్కన వెచ్చగా ఉంటుంది."

"మంచం మీద పడుకుంటే ఏమవుతుంది?"

"ఊపిరాడదు. ఛాతీ మీద బస్తా వేసినట్టుంటుంది. చలికాలం నుంచీ ఇంతే. ఆ పరికరం చెవుల్లో పెట్టుకోవే పిల్లా."

"నుదుటి మీద ఆ దెబ్బ?"

"కళ్ళు బైర్లు కమ్మాయి. లేచేసరికి కట్టెల మధ్య ఉన్నాను. ఇప్పుడు బాగానే ఉన్నాను కదా!" తర్వాత గొంతు తగ్గించాడు. నేను తలుపుకు దగ్గరగా జరిగాను. "చూడు. నా గుండె విను, విన్నది చెప్పు, గంట కొట్టగానే వెళ్ళిపో. నువ్వు మీ అమ్మ దగ్గరికి వెళ్ళాలి. నా సంగతి నేను రేపు చూసుకుంటాను."

తలుపు సందులోంచి గొరాటా వీపు మాత్రమే కనిపించింది. మెడలోని స్టెతస్కోప్ తీసి, మడిచి, మంచం మీద పెట్టింది.

"డాక్టరుగారూ, ఈ గదిలో పరీక్ష ఆపేస్తున్నాను. ఈయన్ని కింద అత్యవసర విభాగానికి పంపాలి. ఇప్పుడే."

మూల కుర్చీలో ఉన్న డాక్టర్ హాస్కెల్ చెడ్డవాడు కాడు. "నేనూ విన్నాను. ఇంకా టైముంది, పూర్తి చెయ్యి. గంట కొట్టాక నేనే చూస్తాను. ఆపితే ఈ గదికి మార్కు ఉండదు. మళ్ళీ కూర్చోవాలి, తేదీ తెలుసు కదా?" అన్నాడు.

"తెలుసు. కానీ గుండె వినాలంటే ఈయన్ని వెనక్కి వాల్చాలి, మళ్ళీ లేపాలి. అది నేను చెయ్యను. గంట కొట్టాక మీరడిగితే బాగున్నానంటారు. ఇన్నేళ్ళుగా ఈ గదిలో అందరితో అదేగా అంటున్నారు." తలుపు వైపు తిరిగింది. "అమ్మా, మీరక్కడే ఉన్నారని తెలుసు. చక్రాల కుర్చీ తెప్పించండి."

నేను పరుగెత్తాను. ఆ పూట గంట ఎంత ఆలస్యంగా మోగిందో నాకే తెలియదు.

సాయంత్రం కింద వార్డులో మెర్విన్ మా ఇద్దరినీ చూసి మొహం గోడవైపు తిప్పుకున్నాడు. డాక్టర్లు అప్పటికే చెప్పారు, కవాటం మార్చాలి, ఆలస్యం చేస్తే ఎప్పుడు ఏ కొట్టంలో పడిపోతాడో తెలియదని. వాళ్ళు ఇంకోటి కూడా చెప్పారు. కవాటం మార్చాలన్న సంగతి మెర్విన్‌కు ఏడాది కిందటే తెలుసట.

"ఎందుకు దాచావు?" అని అరిచాను. వార్డంతా చూసింది.

"మారిస్తే చప్పుడు పోతుంది" అన్నాడు గోడతో. "చప్పుడు లేని ముసలాడితో నీకేం పని, లోర్నా? నువ్వు పిలుస్తావా నన్ను? ఈ పిల్లలు వస్తారా?"

పిలిచేదాన్ని కాదు. నా జాబితాలో జబ్బులు ఉంటాయి, మనుషులు ఉండరు.

"నేనివాళ మీ గుండె విననేలేదు తాతా" అంది గొరాటా. "గమనించారా?"

మెర్విన్ తిరిగి చూశాడు. "వినకపోబట్టే కదా నీ కొంప మునిగింది. మీ అమ్మ రాయి పోయింది. నీకు బుద్ధి లేదు." అంటూనే ఏడ్చాడు. అతను ఐలీన్ పోయినప్పుడు కూడా నా ముందు ఏడవలేదు.

నేను మర్నాడు ఆఫీసుకు వెళ్ళి పోట్లాడాను. పరీక్ష తేదీ అందరికీ ఒకటే, ఒక్కరి కోసం జరపలేం అన్నారు. మహలాపేలో వాళ్ళన్న కూడా ఇంక వాయిదా వెయ్యలేనన్నాడు. ముసలి చుట్టాలు దూరాల నుంచి బయల్దేరుతున్నారు. గొరాటా నా ముందు మామూలుగానే టికెట్ రద్దు చేసుకుంది. గోడ అవతల మాత్రం ఆ పిల్ల ఏడుపు వినిపించింది. నేను ఈసారి అంట్లు కడగలేదు. లోపలికి వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఆ చలి గదిలో నాలుగేళ్ళు ఆ పిల్లను ఎలా పడుకోబెట్టానో అని నామీద నాకే అసహ్యం వేసింది.

డిసెంబరు మొదట్లో మెర్విన్‌కు ఆపరేషన్ చేశారు. కార్యం జరిగే శనివారానికి ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నాడు. ఆ వేడుక అక్కడ తెల్లవారుజామున, ఇక్కడ మధ్యాహ్నం. మా వంటింట్లో ఒంటరిగా చూడనివ్వనని, తన దగ్గరికే తీసుకురమ్మని కబురు పెట్టాడు. నన్ను టై తెమ్మన్నాడు. ఆసుపత్రి గౌను మీద కట్టాను. ఎందుకని ఈసారి అడగలేదు.

భోజనం బల్ల మీద ఫోన్ పెట్టాం. భుజాల మీద శాలువాలు కప్పుకున్న ఆడవాళ్ళు, ఎర్రమట్టి, గుడ్డ కప్పిన రాయి. పాట మొదలవగానే గొరాటా లేచి నిలబడింది. మెర్విన్ కుట్లు కదలకుండా దిండును ఛాతీకి అదుముకుని తనూ లేవబోయాడు. వద్దని చెయ్యి పట్టుకుంటే నన్ను విదిలించి లేచాడు. వాళ్ళన్న గుడ్డకు ఒక కొస పట్టుకున్నాడు. రెండో కొస ఎవరూ పట్టుకోలేదు. గొరాటా కోసం అలా వదిలేశారు. గుడ్డ ఒక పక్క నుంచే మెల్లగా జారింది. వాళ్ళమ్మ పేరు కనిపించింది. ఈసారి బొమ్మ ఆగలేదు.

పాట అయ్యాక వాళ్ళ పెద్దమ్మ ఫోన్ చేతిలోకి తీసుకుంది. గొరాటాతో మాట్లాడుతూ, వెనక టై కట్టుకుని దిండు పట్టుకున్న ముసలాణ్ణి చూసి ఏదో అడిగింది.

"తాతా" అంది గొరాటా, కళ్ళు తుడుచుకుంటూ. "మా పెద్దమ్మ మిమ్మల్ని ఎలా లేచారని అడుగుతోంది."

మెర్విన్ టై సరిచేసుకున్నాడు.

"పడుకుని లేచానని చెప్పు" అన్నాడు. "వాళ్ళెలా లేచారో కూడా అడుగు."