మిషనక్క చెవి

కుట్టుమిషన్లు బాగుచేసే ఆవిడను పేటంతా మిషనక్క అనే పిలుస్తుంది. పాతికేళ్లుగా అదే పని. మిషన్ విప్పకముందే దాని ఒంటికి చెవి ఆనించి, చక్రం రెండు తిప్పులు తిప్పి, జబ్బు ఎక్కడుందో చెప్పేస్తుంది. ఒక్కసారైనా తప్పు చెప్పిన పాపాన పోలేదు. ఆ సంగతి కూడా ఆవిడే చెబుతుంది, అడిగినా అడక్కపోయినా.

అలాంటి మనిషి ఓ పిల్లికూన దగ్గర బోల్తా పడింది.

కూన కొట్లో నూనెడబ్బాల వెనక దొరికింది. ఒళ్లో పడుకోబెట్టుకుంటే వేళ్లకు తగిలేలా ఒకటే అదురు, చెవి ఆనిస్తే ఒకటే రొద.

“విన్నారా అత్తయ్యా, ఎంత హాయిగా గుర్రుమంటోందో!” అని రెండు నెలలు మురిసిపోయింది.

“నిద్దట్లోనూ అదే చప్పుడేమిటే? నాలుగు గంతులేసి చతికిలబడుతుందేం?” అంది అత్తగారు.

“బద్ధకం. మీ అబ్బాయి పోలిక.”

పెద్దావిడ మూతి ముడుచుకుంది.

ఓ మధ్యాహ్నం కూన నోరు తెరిచి కుక్కలా రొప్పింది. మిషనక్క దాన్ని గుడ్డల బుట్టలో వేసుకుని పశువుల ఆసుపత్రికి పరుగెత్తింది. వెనకే అత్తగారు.

డాక్టరమ్మ స్టెతస్కోపు పెట్టి, పక్కనున్న కుళాయి తిప్పింది. నీళ్ల చప్పుడుకు పిల్లులు గుర్రుమనడం ఆపేస్తాయట. కూన చెవులు నిక్కబొడుచుకున్నాయి. రొద మాత్రం ఆగలేదు.

“ఇది గుర్రుమనడం కాదమ్మా. పుట్టగానే మూసుకుపోవాల్సిన రక్తనాళం ఒకటి గుండె దగ్గర తెరిచే ఉండిపోయింది. అందులోంచి రక్తం పోయే హోరిది. గుండె ఇప్పటికే ఉబ్బింది. ఆపరేషన్ చేసి ముడేస్తే బతుకుతుంది. మత్తు తట్టుకుంటుందా అన్నదే భయం.”

ముందు నాలుగు రోజులు మందులు వాడమన్నారు. ఆ నాలుగు రోజులూ మిషనక్క కొట్టు తీసి ఊరికే కూర్చుంది. కూన పక్కటెముకలు ఎగసిపడుతుంటే లెక్కపెట్టడం, లెక్క తప్పి మళ్లీ మొదలెట్టడం, అంతే.

“జబ్బుని పట్టుకుని హాయి అని నలుగురికీ చెప్పుకున్నానే! నాకేం మాయరోగం?” అని తనను తానే తిట్టుకుంది.

ఐదోరోజు పొద్దున ఆపరేషన్. ఆపరేషన్ గది బయట బల్లమీద ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కూర్చున్నారు. ఎంతకీ తలుపు తీయరు. ఎట్టకేలకు లోపలికి రమ్మన్నారు. తువ్వాలు మీద కూన కదలకుండా పడి ఉంది. ఎవరూ ఆపేలోగా వంగి చెవి ఆనించింది.

రొద లేదు.

ఆవిడ ఎరిగిన లోకంలో రొద ఆగిందంటే మిషన్ ఆగిపోయినట్టే.

“అయ్యో, పోయిందత్తయ్యా! చేతులారా చంపుకున్నాను!” అని గొల్లుమంది.

“పోలేదమ్మా, మత్తులో ఉంది! ఆ హోరు ఆపడానికేగా ఇంత చేశాం!” అంటూ డాక్టరమ్మ స్టెతస్కోపు చేతికిచ్చింది.

మిషనక్క దాన్ని చెవుల దాకా తెచ్చి ఆగిపోయింది. అత్తగారి చెవులకు తగిలించింది.

“మీరు వినండి అత్తయ్యా. నా మీద నాకు నమ్మకం లేదు.”

పెద్దావిడ కళ్లు మూసుకుని చాలాసేపు విన్నది.

“కొట్టుకుంటోందే,” అంది.