వంటింటి తలుపు ఉన్నచోట

దొరల కాలం నాటి హోటల్‌ను సర్కారు ఆఫీసుగా మార్చినవాళ్లు ముందు భాగాన్ని మాత్రం ముట్టుకోలేదు. కమానులు, మెట్లు, పెద్ద వరండా అలాగే ఉన్నాయి. లోపల గోడలు పడగొట్టి అద్దాల గదులు కట్టారు. వెనక వంటింటి తలుపును ఇటుకలతో పూడ్చి సున్నం కొట్టేశారు. చరిత్రను కాపాడామని ఎవరైనా గొప్పగా చెబుతుంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఆ వంటింటికి చేపలు వేసింది మా అమ్మ. ఒడ్డుకు వలలు రాగానే గంప నెత్తిన పెట్టుకుని వెళ్లి, వెనక తలుపు దగ్గర దించేది. చేపలవాళ్లు ముందువైపు రాకూడదని కట్టడి. హోటల్లో దిగడానికి వచ్చినవాళ్లకు నీచు వాసన పడదట. వేయించిన ముక్క మాత్రం భేషుగ్గా పడేది.

పోయిన ఏడాది అమ్మ పింఛను ఆగిపోయింది. బతికే ఉన్నానని ఆ ఆఫీసుకు వచ్చి చూపించుకోవాలన్నారు. ఆమె మందులు ఆ పింఛనుతోనే. నా దగ్గర చెయ్యి చాపడమంటే ఆమెకు ప్రాణం పోయినట్టుంటుంది. ఆధార్ జిరాక్సు కావాలంటే, ఆమెను వరండాలో బల్ల మీద కూర్చోబెట్టి రోడ్డు దాటి వెళ్లాను. తిరిగొచ్చేసరికి బల్ల ఖాళీ. లోపల ఆమె పేరు పిలుస్తున్నారు.

"ఉంది సార్, ఇక్కడే ఉంది!" అని అరిచి, వెతుక్కుంటూ పరుగెత్తాను. అమ్మ భవనం వెనక కనిపించింది. పూడ్చేసిన తలుపు ముందు, ఏసీ పెట్టెలు కక్కే వేడిలో, కొంగు నెత్తిన కప్పుకుని నేల మీద కూర్చుని ఉంది.

"ఈడేం చేస్తుండావమ్మా?" అని కసిరాను.

"నువ్వు పోంగానే భయమేసింది. ముందర మనల్ని ఎప్పుడు కూర్చోనిచ్చినారు? ఈడ తలుపు కనపళ్లా. ఎవురో ఒకరు పిలుస్తార్లే అని కూర్చున్నా."

ఆమెను లోపలికి తీసుకొచ్చేసరికి అధికారి మీటింగుకు వెళ్లిపోయాడు.

"మనిషి రాలేదని ఎక్కించేసినాం మేడం. ఇంక వచ్చే నెలే," అన్నాడు గుమాస్తా.

"మనిషి మీ ఎదురుగానే నిలబడుంది గదా!"

"ఉంటే ఉండనీండి. కంప్యూటర్లో రాలేదు గదా."

నా గొంతు పెరిగింది. హాల్లో అందరూ తిరిగి చూశారు. అమ్మ నన్ను పక్కకు జరిపి, గుమాస్తాకు రెండు చేతులూ జోడించింది.

"తప్పు నాదే అయ్యా. మా బిడ్డను ఏమనుకోబాక. ఈతూరి ముందర్నించే వస్తా."

"అట్టా చెప్పు పెద్దమ్మా," అని అతను నవ్వాడు. గండం గడిచినట్టు అమ్మ కూడా నవ్వింది. అంత పెద్ద హాల్లో కోపం వచ్చింది నా ఒక్కదానికే.