మామ ఇచ్చేసిన స్టెపినీ

నా చిన్నప్పుడు కోదాడలో మా మేనమామ ఒక పాత అంబాసిడర్ కారును కిరాయికి నడిపేవాడు. ఎక్కడికి బయలుదేరినా ముందు ఆయన చేసే తనిఖీ చూస్తే మాకు విసుగొచ్చేది. నాలుగు టైర్లూ చేత్తో తట్టి చూసేవాడు. డిక్కీ తెరిచి అదనపు చక్రం, అంటే స్టెపినీలో గాలి ఉందో లేదో నొక్కి చూసేవాడు. జాకీ, చేతిపంపు, పంచరు వేసే సామాను అన్నీ ఉన్నాయని తడిమి చూసుకున్నాకే స్టీరింగు ముందు కూర్చునేవాడు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు మా నాన్నకు సూర్యాపేట దవాఖానలో ఆపరేషన్ అయింది. ఇరవై రోజులు నేను ఆయన ముఖం చూడలేదు. ఒక ఆదివారం మామ అమ్మనూ నన్నూ కారెక్కించుకుని బయలుదేరాడు. సాయంత్రం ఐదు దాటితే రోగులను చూడనివ్వరు. అందుకని దారి పొడుగునా టైమెంతయిందని అమ్మను అడుగుతూనే ఉన్నాను.

మునగాల దాటాక రోడ్డుకు అవతలి పక్క, కోదాడ వైపు పోయే అంబాసిడర్ ఒకటి ఆగి ఉంది. వెనక సీట్లో ఒకామె పురిటి నొప్పులతో మెలికలు తిరుగుతోంది. ఆమె అత్త బయట నిలబడి వచ్చే బండికల్లా చేతులూపుతోంది. వాళ్ల టైరు పంచరైంది. డిక్కీలో ఉన్న స్టెపినీలో గాలి లేదు.

మామ కారు ఆపి, దిగి సంగతి కనుక్కున్నాడు. వెంటనే మా డిక్కీలోంచి స్టెపినీ దించి, దొర్లించుకుంటూ రోడ్డు దాటాడు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. వెనకాలే పరుగెత్తి ఆయన చొక్కా పట్టుకున్నాను.

"మామా, మనది పంచరైతే ఎట్ల? నాన్నను సూడొద్దా?"

"అయితే గప్పుడు సూద్దాం కోడలా. గా బిడ్డకు ఆగే టైం లేదు" అన్నాడు, అప్పటికే జాకీ తిప్పుతూ.

పావుగంటలో వాళ్ల కారు కదిలింది. స్టెపినీ తిరిగి ఇవ్వడానికి కోదాడ టాక్సీ స్టాండులో తన పేరు చెబితే చాలని వాళ్ల డ్రైవరుకు చెప్పి పంపాడు.

నేను భయపడినట్టే అయింది. సూర్యాపేట ఇంకా కొంత దూరం ఉందనగా మా వెనక టైరుకు మేకు దిగింది. నేను రోడ్డు మీదే కూలబడి మామను నోటికొచ్చినట్టు తిట్టాను. అమ్మ కసిరితే, "తిట్టనీ అక్కా, తండ్రిని సూడాలని పాపం" అన్నాడు. తర్వాత చక్రం ఊడదీసి, ఇనుప పట్టీలతో టైరు లేపి ట్యూబు బయటికి లాగాడు. పక్కనున్న పొలం కాలువలో ముంచి, బుడగలు ఎక్కడొస్తున్నాయో చూడమన్నాడు. నేనే వేలు పెట్టి చూపించాను. దానికి అతుకు వేశాడు. పంపు కొట్టీ కొట్టీ ఆయన చొక్కా చెమటకు తడిసిపోయింది.

మేము చేరేసరికి ఐదు దాటిపోయింది. లోపలికి పోనివ్వలేదు. మామ కాపలాదారును బతిమాలి కబురు పంపితే, నాన్న గోడ పట్టుకుని మెల్లగా కిటికీ దగ్గరికి వచ్చాడు. చాలా చిక్కిపోయాడు. నేను ఊచల్లోంచి చెయ్యి పెట్టి, ఆలస్యమంతా మామ వల్లేనని వెక్కుతూ చెప్పాను. నాన్న అంతా విని నా వేళ్లు పట్టుకున్నాడు.

"మంచి పని చేసిండు మీ మామ. నేను యాడికి పోత బిడ్డా, గీడనే ఉన్న గద" అన్నాడు.

మామ వైపు చూశాను. ఆయన అటు తిరిగి ముఖం తుడుచుకుంటున్నాడు.

వారం తర్వాత ఆ అత్తగారు స్టెపినీ తెచ్చి ఇచ్చింది. మనవరాలు పుట్టిందట, తల్లీబిడ్డా క్షేమమట. పోతూ పోతూ నన్ను దగ్గరికి తీసుకుని, "నీ ఏడుపు నా చెవుల్నే ఉన్నది తల్లీ" అంది. ఆ మాటతో నా కోపమంతా కరిగి సిగ్గయింది.

ఇప్పుడు మా అమ్మాయి మిర్యాలగూడలో టీచరు, రోజూ కారులోనే పోయొస్తుంది. ఫోన్ చేస్తే మెకానిక్ వస్తాడు కదమ్మా అని ఎంత చెప్పినా, ప్రతి ఆదివారం స్టెపినీలో గాలి పట్టించేదాకా నేను ఊరుకోను. నేను పక్కన కూర్చున్నప్పుడు రోడ్డు వారగా ఏ బండైనా ఆగి కనిపిస్తే, కారు ఆపించి అద్దం దించి, ఏమన్నా కావాల్నా అని అడుగుతాను. చాలామంది అక్కర్లేదని నవ్వుతారు. ఆ నవ్వు చూశాకే నా మనసు కుదుటపడుతుంది.