మార్తప్ప రుచి చూసిన బ్రిస్కెట్

2023 ఏప్రిల్. బర్మా కొత్త ఏడాది నీళ్ల పండక్కి ముందు యాంగోన్‌లో ఎండ నిప్పులు చెరిగే రోజులు. తాకేటా పేటలో నాది చిన్న కేటరింగ్. సంచౌంగ్ నుంచి ఊ త్విన్ అనే పెద్దమనిషి వచ్చి, తన ఆఫీసు వాళ్లకు సమ్మర్ పార్టీ ఇస్తున్నానని, అమెరికా బార్బెక్యూ కావాలని అడిగాడు.

"మాంసం కాల్చడమేగా, దానికేం!" అన్నాను.

"ఒక రకం కాదు డా పైడమ్మా, నాలుగు ప్రాంతాల పద్ధతులు," అని నవ్వాడు. ఇక్కడ మగవాళ్లకు ఊ, ఆడవాళ్లకు డా అంటే మన 'గారు' లాంటివే.

నాలుగూ నేర్చుకున్నాను. కరొలీనాది పుల్డ్ పోర్క్. పంది భుజం మెత్తబడ్డాక పీచులు తీసి వెనిగర్, ఎండుమిరప కలపాలి. మెంఫిస్ రిబ్స్‌కి రబ్, అంటే పొడి మసాలా పట్టిస్తారు. కాన్సస్ సిటీది తియ్యటి చిక్కటి సాస్. అందులో వాళ్లు వేసే మొలాసిస్‌కు, అంటే నల్లటి చెరకు పాకానికి బదులు నేను మన తాటిబెల్లం వేశాను. టెక్సస్‌ది బ్రిస్కెట్, అంటే ఎద్దు రొమ్ము మాంసం. ఉప్పూ మిరియాలూ రాసి పన్నెండు గంటలు పొగలో మగ్గబెట్టాలి. వేరే మసాలా ఉండదు కాబట్టి ఉప్పు తప్పితే అంతా తప్పినట్టే.

మా ఇంట్లో ఆ మాంసం తినరు. నేను వండుతాను గానీ నోట పెట్టను. పదిహేనేళ్లుగా నా బదులు రుచి చూసేది మార్తప్ప. తామ్వే పేటలో ఉండే బాప్టిస్టు మనిషి, నాకంటే పెద్దది, అందుకే అప్ప అంటాను. అంచు ముక్క నమిలి "ఉప్పు చాల్దే" అంటే చాలు, కళ్లు మూసుకుని వేసేదాన్ని.

పార్టీకి ముందురోజు కరెంటు లేదు. ఐస్ కరిగిపోతోందని మాంసం కొట్టువాడు బ్రిస్కెట్‌కి ఉప్పు రాసి పంపాడు. ఆ సంగతి నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. మళ్లీ ఉప్పు రాసి తెల్లారకముందే చింతకట్టెల పొగలో పెట్టాను. సాయంత్రం అంచు ముక్క కోసి మార్తప్పకిచ్చాను.

"ఎలాగుందప్పా?"

"నీ చెయ్యి ఎప్పుడు తప్పినాదే? సరిపోయినాది."

ఆ క్షణాన ఆవిడ నిజం చెప్పి ఉంటే సన్నగా తరిగి తియ్యటి సాస్‌లో కలిపి ఎలాగో గట్టెక్కేదాన్ని. పార్టీలో అందరి ముందూ ఊ త్విన్ మొదటి ముక్క ఉమ్మేశాడు. "దీన్ని సముద్రంలో వండావా?" అన్నాడు. అతిథులు ప్లేట్లు పక్కన పెట్టేశారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"వండింది నేనే గానీ రుచి చూసింది ఈవిడ. ఆ మాంసం నేను ముట్టను," అని మార్తప్ప మీదకి వేలు చూపించాను.

"అవును, నానే సూసినాను," అంది, తల దించుకుని.

సామాన్లు సర్దుతున్నప్పుడు పట్టుకున్నాను. "ఏటప్పా, అంత ఉప్పు తెల్దా నీకు?"

"తెల్దే. పోయినేడు వానల్లో జొరం వచ్చిన కాడి నుంచి నోటికి ఏటీ తెల్డం నేదు. చెప్తే పని తీసేస్తావని బయపడినాను."

"రేపట్నుంచి రావద్దు," అన్నాను. అంత మాట ఎలా వచ్చిందో నా పాడు నోట! ఆవిడ ఏప్రన్ విప్పి, మడతపెట్టి వెళ్లిపోయింది.

నెల తర్వాత కొట్టువాడు మాటల్లో ఆ ఉప్పు సంగతి బయటపెట్టాడు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ మధ్యాహ్నమే తామ్వే వెళ్లి తిరిగి రమ్మన్నాను. మార్తప్ప పీట వేసింది. అన్నం పెట్టి చేపల పులుసు పోసింది. ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఉప్పు రవ్వంత కూడా లేదు.

"ఎలాగున్నాదే?"

"బాగుందప్పా."

ఆవిడ నాకేసి చూసింది. "ఉప్పు ఇంకా ఎయ్యనేదే. సాయంత్రం అమ్మాయొచ్చి రుచి సూసి ఎస్తాది. నీ నోరు బాగానే ఉన్నాది కదా, మరెందుకే అబద్దం?"

"నువ్వు బాధపడతావని..."

"నాను బయపడి చెప్పినాను. పోన్లే, నీ మీద వేలు సూపించను. తిను."

తిన్నాను. ఆవిడ మళ్లీ పనిలోకి రాలేదు. నేనూ బ్రిస్కెట్ ఆర్డర్లు మానేశాను. నా నియమం చెడకుండా పదిహేనేళ్లు ఆవిడ నాలుక వాడుకున్నాను. వంటవాళ్ల బాగోగులు చూసుకోవడం కూడా వంటలో భాగమేనని ఇంత ఆలస్యంగా తెలిసింది. జ్వరం నుంచి లేచి పనిలోకి వచ్చిన రోజున కూడా నేను ఆవిణ్ణి అడిగింది ఉప్పు సంగతే.